పట్టా మనది... పట్టీ వాళ్లది!

హైటెన్షన్ తీగలు పొలం మీదుగా పోతాయి. గ్యాస్ గొట్టం పొలం కిందుగా పోతుంది. భూమి మాత్రం రైతు పేరుమీదే ఉంటుంది. మరి దాని విలువలో పోయిందెంత? ఆ లెక్క ఎవరు వేస్తారు, ఎలా వేస్తారు?

పాసుపుస్తకంలో పేరు మారదు. బ్యాంకులో అప్పు కావాలంటే ఆ పుస్తకమే పనికొస్తుంది. కొడుక్కి పంచివ్వాలన్నా, కూతురికి పసుపు కుంకుమల కింద రాసివ్వాలన్నా ఎవరూ అడ్డుచెప్పరు. కానీ ఆ పొలంలో కొబ్బరి మొక్క నాటకూడదు. నుయ్యి తవ్వకూడదు. పశువుల కోసం ఓ చిన్న రేకుల షెడ్డు కూడా వేయకూడదు.

ప్రభుత్వం ఆ భూమిని తీసుకోలేదు. అలాగని పూర్తిగా వదిలేయనూ లేదు!

కరెంటు లైన్లు, గ్యాస్ గొట్టాలు, చమురు గొట్టాలు... ఇవన్నీ వందల కిలోమీటర్లు పోవాలి. దారిలో ఉన్న భూమినంతా కొనాలంటే అయ్యే పని కాదు. అందుకే భూమిని రైతు దగ్గరే ఉంచి, అందులో సన్నటి పట్టీ మీద వాడుకునే హక్కును మాత్రం తీసుకుంటారు. లాయర్లు దీన్ని ఈజ్‌మెంట్ అంటారు. గ్యాస్ గొట్టాల చట్టంలో దీని పేరు వినియోగ హక్కు. కరెంటు ఇంజినీర్ల నోట ‘రైట్ ఆఫ్ వే’. పేరేదైనా రైతుకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే... ‘పొలం ఉంది. కానీ మునుపటి పొలం కాదు. తగ్గిన విలువ ఎంత?’

మొత్తం భూమి తీసుకుంటే లెక్క కొంత తేలిక. ఎకరం ధర ఇంత, తీసుకున్నది ఇన్ని ఎకరాలు, హెచ్చించి ఇవ్వడమే. సగం హక్కు తీసుకున్నప్పుడే చిక్కంతా. తక్కెడలో ఒక పక్క పొలం అలాగే కనిపిస్తుంటుంది. రెండో పక్క పోయినదేమో కంటికి కనిపించదు.

పైన తీగ

కరెంటు లైన్లకు దారినిచ్చింది తెల్లదొరల కాలం నాటి చట్టం. 1885లో టెలిగ్రాఫ్ తీగల కోసం చేసిన ఆ చట్టం ప్రకారం స్తంభాలు పాతొచ్చు, తీగలు లాగొచ్చు. భూమి మీద మాత్రం వాడుకునే హక్కు తప్ప మరే హక్కూ రాదు. సాధ్యమైనంత తక్కువ నష్టం చేయాలి. జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. ఇదీ అందులోని పదో సెక్షన్ సారం. 2003 విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ అవే అధికారాలను కరెంటు లైన్లు వేసే సంస్థలకు ఇచ్చే వీలు కల్పించింది. టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. అయినా కరెంటు లైన్లకు సంబంధించినంత వరకూ పాత చట్టంలోని ఆ భాగం కొనసాగుతుందని కొత్త చట్టమే చెప్పింది.

ఈ అధికారం ఉన్న సంస్థ లైను వేయడానికి భూ యజమాని అనుమతి తీసుకోనక్కర్లేదని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ‘మా పొలం మీదుగా వద్దు’ అనే మాటకు బలం తక్కువ. ‘మా నష్టం ఇంత’ అనే మాటకే బలం. అందుకే లెక్క తెలియాలి.

తీగ సన్నగా కనిపిస్తుంది కానీ దాని కింద పట్టీ సన్నదేం కాదు. 132 కిలోవోల్టుల లైనుకు 27 మీటర్లు, 220 కిలోవోల్టులకు 35 మీటర్లు, 400 కిలోవోల్టులకు 46 మీటర్ల వెడల్పు లెక్కగడతారు. 765 కిలోవోల్టుల డబుల్ సర్క్యూట్ లైనుకైతే 67 మీటర్లు! ఆ వెడల్పులో వరి వేసుకోవచ్చు, మినుము చల్లుకోవచ్చు, కూరగాయలు పండించుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు. కొబ్బరి, మామిడి, టేకు, సుబాబుల్ లాంటి ఎత్తుగా పెరిగే చెట్లు ఉండకూడదు. చెరకు వేసినా కోత తర్వాత ఆకు తగలబెట్టడం ప్రమాదమే. పొగా మంటా తీగలదాకా వెళ్తే కరెంటు నేలమీదికి దూకే ముప్పుంది.

చాలాకాలం వీటికి పరిహారమంటే తొక్కిన పంటకూ, కొట్టేసిన చెట్టుకూ ఇచ్చే డబ్బే. భూమి విలువ తగ్గిందన్న మాటను పట్టించుకున్న చోట్లు తక్కువ. 2015 అక్టోబర్ 15న కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ మొదటిసారి దానికో లెక్క చెప్పింది. టవర్ నిలబడే స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి గరిష్ఠంగా 15 శాతం. 2024 జూన్ 14న ఆ లెక్క మారింది. టవర్ స్థలానికి భూమి విలువకు రెట్టింపు, పట్టీకి 30 శాతం అన్నారు. 2025 మార్చి 21న మరో సవరణ వచ్చింది. పట్టీ పరిహారం పల్లెల్లో 30 శాతమే. మున్సిపాలిటీలు, నగర పంచాయతీల పరిధిలో 45 శాతం. మున్సిపల్ కార్పొరేషన్లు, మెట్రోపాలిటన్ ప్రాంతాల్లో 60 శాతం.

పదేళ్లలో 15 నుంచి 60 దాకా! భూమి అదే, తీగా అదే. మారింది లెక్క మాత్రమే. సగం హక్కుకు ధర కట్టడం ఎంత కష్టమో ఈ అంకెలే చెబుతున్నాయి.

ఒక్క విషయం మరిచిపోకూడదు. ఇవి రాష్ట్రాల మధ్య నడిచే పెద్ద లైన్లను దృష్టిలో పెట్టుకుని కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు. రాష్ట్రం పరిధిలోని లైన్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులే చూడాలి. అందుకే పొలంలోకి సర్వే వాళ్లు రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న... ‘ఈ లైను ఎవరిది? పరిహారం ఏ ఉత్తర్వు ప్రకారం ఇస్తారు?’

ఎకరం లెక్క

శాతాలు కాగితం మీద బాగానే ఉంటాయి. పొలంలోకి దిగితే ఎలా ఉంటుందో చూద్దాం.

ఒక రైతుకు సరిగ్గా ఎకరం ఉందనుకుందాం. అది చదరంగా ఉందనుకుందాం. అప్పుడు ఒక్కో పక్క దాదాపు 64 మీటర్లు వస్తుంది. ఆ ఊళ్లో ఎకరం 20 లక్షలు పలుకుతోంది. 400 కిలోవోల్టుల లైను సరిగ్గా నడిమధ్య నుంచి పోయింది. 46 మీటర్ల వెడల్పు పట్టీ కిందికి వెళ్లింది. అంటే ఎకరంలో 72 సెంట్లు. తెలంగాణ లెక్కలో దాదాపు 29 గుంటలు. మిగిలింది అటో తొమ్మిది మీటర్లు, ఇటో తొమ్మిది మీటర్లు.

సెంటు 20 వేల చొప్పున 72 సెంట్ల విలువ 14.40 లక్షలు. పాత లెక్కలో 15 శాతమంటే 2.16 లక్షలు. 2024 లెక్కలో 30 శాతమంటే 4.32 లక్షలు. ఆ ఎకరంలోనే టవర్ కూడా పడిందనుకుందాం. నాలుగు కాళ్ల మధ్య స్థలానికి ప్రతి పక్కా మరో మీటరు కలిపి కొలుస్తారు. అది మూడున్నర సెంట్లు వస్తే దాని విలువ 70 వేలు. రెట్టింపు చేస్తే 1.40 లక్షలు.

మరి అటూ ఇటూ మిగిలిన 28 సెంట్ల మాటేమిటి? ఈ సూత్రం ప్రకారం దానికి ఒక్క రూపాయి కూడా రాదు. అది పట్టీలో లేదు కదా! కానీ తొమ్మిది మీటర్ల వెడల్పు చీలికను విడిగా ఎవరు కొంటారు? అక్కడ ఇల్లు కట్టుకోవాలన్నా నెత్తిమీద తీగల హోరు. కాగితం మీద చెక్కుచెదరని ఆ 28 సెంట్లే నిజానికి ఎక్కువ దెబ్బతిన్న భూమి కావచ్చు.

అదే లైను ఇరవై ఎకరాల ఆసామి పొలంలో ఓ మూలగా గట్టు పక్క నుంచి పోయిందనుకోండి. ఆయనకూ సెంటుకు అదే రేటు. అతనికి అది గోరుచుట్టు, ఎకరం రైతుకు అది రోకటి పోటు.

కేరళ కేసు చెప్పిన మాట

ఈ తేడాను సుప్రీంకోర్టు 2007లోనే గుర్తించింది. కేరళ విద్యుత్ బోర్డుకూ భూ యజమానులకూ మధ్య నడిచిన కేసది. హైటెన్షన్ లైను వల్ల భూమి విలువ ఎంత తగ్గిందో తేల్చేటప్పుడు ఏమేం చూడాలో కోర్టు అందులో చెప్పింది. భూమి ఎక్కడ ఉంది? లైను ఎంత దూరంలో, ఎంత మేర పోతోంది? చిన్న ముక్క మీదుగా పోతోందా, నడిమధ్య నుంచి పోతోందా? భూమి ధర ఎంత? ఏ పనికోసం ఉంచుకున్నారో ఆ పనికి ఆ భూమి ఇక పనికిరాకుండా పోయిందా? ఇవన్నీ చూడాలంది. ఏ కేసుకు ఆ కేసు తూచాలి తప్ప అన్నిటికీ ఒకే కొలత పనికిరాదన్నది దాని సారాంశం.

విలువ కట్టడంలో ఆరితేరిన వాల్యూయర్లు పాటించే పద్ధతి కూడా ఇదే. వాళ్లు పట్టీని మాత్రమే కొలవరు. మొత్తం కమతాన్ని రెండుసార్లు తూస్తారు. లైను రాకముందు మార్కెట్లో దీని ధర ఎంత? లైను వచ్చాక ఎంత? ఆ రెంటి మధ్య తేడాయే నష్టం. ‘ముందు, తర్వాత’ అనే ఈ చిన్న లెక్కలో రహస్యమంతా ఉంది.

ఉదాహరణకు రోడ్డు పక్క రెండెకరాలు. లైను రాకముందు 40 లక్షలకు బేరం వచ్చే భూమి. లైను వచ్చాక కొనేవాళ్లు 30 లక్షలు దాటడం లేదనుకుందాం. తేడా 10 లక్షలు. పట్టీ లెక్క ప్రకారం 72 సెంట్లకు వచ్చేది 4.32 లక్షలే. మిగతా 5.68 లక్షలు ఎవరి జేబులోంచి పోయినట్టు?

అందుకే ‘తీసుకున్నది ఎన్ని సెంట్లు?’ అని అడిగితే చాలదు. ‘మిగిలిన దాని ధర ఎంత పడిపోయింది?’ అని కూడా అడగాలి. అయితే ఉత్త మాటలతో కాదు. అలాంటి లైన్లు పడిన చోట, పడని చోట అమ్మకాలు ఎంతకు జరిగాయో దస్తావేజులతో చూపించాలి.

కింద గొట్టం

తీగకు ఒక చట్టమైతే గొట్టానికి మరొకటి. పెట్రోలియం, ఖనిజాల గొట్టాల కోసం భూమిలో వినియోగ హక్కు తీసుకునే చట్టం 1962లో వచ్చింది. గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్లకు ఈ చట్టం కొత్తేం కాదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో బావులున్నచోటి నుంచి గ్యాస్ అంతా ఇలాంటి గొట్టాల్లోనే బయల్దేరుతుంది. కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం తెలుగు పొలాల కింద నుంచే మొదలవుతుంది. 2009 నుంచి అందులో గ్యాస్ పారుతోంది.

ఈ చట్టం ప్రకారం ముందు గెజిట్‌లో ప్రకటన ఇస్తారు. అభ్యంతరాలుంటే 21 రోజుల్లో చెప్పుకోవాలి. తర్వాత తుది ప్రకటన. గొట్టం కనీసం మీటరు లోతున ఉండాలి. ప్రకటన నాటికే ఇల్లుగా వాడుతున్న చోట, పక్కా కట్టడం ఉన్నచోట గొట్టం వేయకూడదు. వేశాక పైన మట్టి కప్పేస్తారు. మళ్లీ దుక్కి దున్నుకోవచ్చు. ఏడాది తిరిగేసరికి పచ్చటి వరిచేను. అక్కడ గొట్టం ఉందని చెప్పేవి గట్టుమీది గుర్తు రాళ్లే.

కానీ తొమ్మిదో సెక్షన్ ఒకటుంది. ఆ పట్టీలో కట్టడం కట్టకూడదు. చెరువు, నుయ్యి, జలాశయం తవ్వకూడదు. చెట్టు నాటకూడదు. దీనికంతటికీ చట్టం ఇచ్చే ధర ఎంత? గొట్టం వేసేటప్పుడు జరిగిన నష్టానికి పరిహారం, దాంతోపాటు ప్రకటన నాటి మార్కెట్ విలువలో 10 శాతం.

ఈ పది శాతం వెనకున్న ఆలోచన సులువే. భూమి పోలేదు, సాగు ఆగలేదు, కాబట్టి పదో వంతు చాలు అని. ఈ చట్టం చెల్లుతుందని 2016లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వరి తప్ప వేరే పంట ఎరగని రోజుల్లో ఆ లెక్కను కాదనడం కష్టమే.

మరి ఇప్పుడో? గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి పొలం ఎప్పుడూ వరి పొలంగానే ఉండాలనేం లేదు. రేపు అది చేపల చెరువు కావచ్చు, రొయ్యల చెరువు కావచ్చు, కొబ్బరి తోట కావచ్చు. ఊరు పెరిగితే ఇళ్ల స్థలాలూ కావచ్చు. పక్క పొలం చెరువుగా మారి రెట్టింపు కౌలు తెస్తుంటే గొట్టమున్న పొలం ఎప్పటికీ వరి దగ్గరే ఆగిపోతుంది. చట్టం ఆపింది ఇవాళ్టి పంటను కాదు, రేపటి అవకాశాన్ని.

18 మీటర్ల వెడల్పు పట్టీ ఒక పొలంలో 90 మీటర్ల పొడవున పోయిందనుకుందాం. సరిగ్గా 40 సెంట్లు. ఎకరం 40 లక్షలైతే దాని విలువ 16 లక్షలు. పది శాతమంటే 1.60 లక్షలు. ఆ పట్టీ పొలానికి అడ్డంగా పోతే మొత్తం పొలంలో ఎక్కడా ఒక పెద్ద చెరువు కుదరదు. అటో చిన్న గుంట, ఇటో చిన్న గుంట. ‘ముందు, తర్వాత’ లెక్క ఇక్కడ వేసి చూస్తే పది శాతం దగ్గర ఆగుతుందా అన్నదే ప్రశ్న.

ఇంకొకటి కూడా ఉంది. అది భయం. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లూ కొబ్బరి చెట్లూ మాడి మసైపోయాయి. ఆ తర్వాత గొట్టం పక్క స్థలమంటే కొనేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచించడా? మార్కెట్లో భయానికీ ఓ ధర ఉంటుంది. పది శాతం సూత్రంలో మాత్రం దానికి చోటు లేదు.

మన దస్తావేజే మన మీద సాక్షి

శాతం ఎంతైనా అది దేనిమీద శాతం అన్నది అసలు విషయం. ‘భూమి విలువ’ ఎంత అని తేల్చాకే మిగతా లెక్కలన్నీ. అది తేల్చడానికి అధికారులు మొదట చూసేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండే మార్కెట్ విలువల పట్టిక. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల జరిగిన అమ్మకాల దస్తావేజులు.

ఇక్కడే మన పాత అలవాటు మన మెడకు చుట్టుకుంటుంది. స్టాంపు డ్యూటీ కలిసొస్తుందని 20 లక్షలకు కొన్న ఎకరాన్ని దస్తావేజులో 8 లక్షలని రాసుకుంటారు. కొన్నవాడికీ అమ్మినవాడికీ ఆరోజు లాభమే. ఊళ్లో నలుగురూ అదే చేస్తారు. కొన్నేళ్లకు లైను వస్తుంది. ‘మా ఊళ్లో ఎకరం 20 లక్షలండీ’ అంటే, ‘ఏదీ, ఒక్క దస్తావేజు చూపించు’ అంటారు. చూపించడానికి ఏముంటుంది? 8 లక్షల కాగితాలే. 30 శాతమంటే ఆరు లక్షలు రావాల్సిన ఎకరం పట్టీకి 2.40 లక్షలు వస్తాయి. తేడా 3.60 లక్షలు. స్టాంపు డ్యూటీలో మిగిలింది ఎంత, ఇక్కడ పోయింది ఎంత?

పట్టిక ధరకూ బయటి ధరకూ పొంతన లేదని 2025 సవరణ కూడా ఒప్పుకున్నట్టే. మార్కెట్ ధరను తేల్చడానికి జిల్లా యంత్రాంగంతోపాటు భూ యజమానుల ప్రతినిధి, లైను వేసే సంస్థ ప్రతినిధి ఉండే కమిటీని అది ప్రతిపాదించింది. వాల్యూయర్లతో విలువ కట్టించే ఏర్పాటు చేసింది. భూములు, భవనాలకు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యూయర్లకు 2017 నుంచి దేశంలో ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. పదిమంది రైతులు కలిసి ఒక వాల్యూయర్‌ను పెట్టుకుంటే ఒక్కొక్కరికీ పడే ఖర్చు తక్కువ. చేతికొచ్చే నివేదిక మాత్రం అందరికీ పనికొస్తుంది.

చెట్టు లెక్క, కౌలు లెక్క

భూమి తర్వాత చెట్లు. కాసే చెట్టును కొట్టేస్తే దాని కలప ధర ఇచ్చి ఊరుకోకూడదు. అది ఏటా ఇచ్చే ఆదాయం చూడాలి. భూసేకరణ కేసుల్లో పండ్లచెట్లకు ఏడాది నికరాదాయాన్ని 8తో హెచ్చించడం సబబని 2002లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఖర్చులు పోను కొబ్బరి చెట్టు మీద ఏటా 800 రూపాయలు మిగులుతాయనుకుంటే 6,400 అవుతుందన్నమాట. చెట్టు వయసు, కాపు, దిగుబడిని బట్టి ఈ లెక్క మారుతుంది. కాబట్టి గొడ్డలి పడేలోపే చెట్లను లెక్కపెట్టించి, రకం, వయసు రాయించి, సంతకం తీసుకోవాలి. కొట్టేసిన తర్వాత మొద్దును చూపించి వందకాయలు కాసిందంటే ఎవరు నమ్ముతారు?

ఇక కౌలు రైతు. భూమి విలువ తగ్గినందుకు ఇచ్చే డబ్బు యజమానిది. కానీ తొక్కిపోయిన పంట ఎవరిది? పెట్టుబడి ఎవరిది? గొట్టాల చట్టం నష్టపోయిన యజమానికి అనలేదు. భూమిలో ఆసక్తి ఉన్న ఎవరికి నష్టం జరిగినా పరిహారం అంది. కౌలు గుర్తింపు కార్డో, కౌలు కాగితమో ఉంటే పంట పరిహారం తనకే రావాలని కౌలు రైతు నోరు తెరిచి అడగొచ్చు. నోటి మాట కౌళ్లే ఎక్కువైన మన ఊళ్లలో ఆ చిన్న కాగితం లేకే పంట ఒకరిదీ చెక్కు ఒకరిదీ అవుతుంటుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఇచ్చింది తక్కువనిపిస్తే దారి మూసుకుపోలేదు. కరెంటు లైనైనా, గ్యాస్ గొట్టమైనా పరిహారం చాలదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు. గొట్టాల విషయంలో మొదట పరిహారం తేల్చేది చట్టం కింద నియమించిన కాంపిటెంట్ అథారిటీ. ఆ లెక్క ఏ పక్షానికి నచ్చకపోయినా జిల్లా జడ్జి తేలుస్తారు. కరెంటు లైన్ల విషయంలో జిల్లా జడ్జి నిర్ణయమే తుది అని 1885 చట్టం అంటోంది. అంటే అక్కడ పెట్టే కాగితాలే ఆఖరి అస్త్రం. రెండో అవకాశం ఉంటుందిలే అని అరకొరగా వెళ్లకూడదు.

164వ సెక్షన్ కింద అధికారం లేని సంస్థ లైను వేస్తుంటే సంగతి వేరు. 2006 నిబంధనల ప్రకారం యజమాని సమ్మతి కావాలి. యజమాని కాదంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. అందుకే ఆ ఉత్తర్వు కాపీ అడగడం గొడవ పెట్టుకోవడం కాదు, హక్కు.

కరెంటు కావాలి. కర్నూలు, అనంతపురం ఎండలో పుట్టిన సౌర విద్యుత్తు పట్నాలకు రావాలంటే ఎవరో ఒకరి పొలం మీదుగానే రావాలి. వంటింట్లో గ్యాస్ వెలగాలంటే ఎవరో ఒకరి చేలో గొట్టం పడాలి. దీన్ని కాదనేవాళ్లు ఎవరూ లేరు. ఊరందరికీ వెలుగొచ్చేటప్పుడు ఆ వెలుగు ఖర్చు ఒక్క రైతు నెత్తినే పడకూడదన్నదే న్యాయం. చట్టంలో రాసిన ‘పూర్తి పరిహారం’ అన్న రెండు మాటలకూ అర్థం అదే.

ఇవి దగ్గరుంచుకోండి

• పొలం కొలతల పటం. పట్టీ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో దానిమీద గీయించుకోండి.

• అడంగల్ లేదా పహాణీలో ఆ ఏడాది పంట వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

• పని మొదలుకాకముందే పొలం, చెట్లు, బోరు, గట్లు, కాలువల ఫొటోలు తేదీతో సహా తీసిపెట్టుకోండి.

• గత మూడేళ్లలో చుట్టుపక్కల ఎక్కువ ధర పలికిన అమ్మకాల దస్తావేజుల నకళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి.

• పంచనామా కాగితం పూర్తిగా చదవకుండా సంతకం పెట్టొద్దు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. నష్టం తక్కువ రాశారనిపిస్తే ‘అభ్యంతరంతో’ అని రాసి సంతకం చేయండి. నకలు అడిగి తీసుకోండి.

• చెక్కు తీసుకునేటప్పుడు ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే వాక్యం ఉందేమో చూసుకోండి.

టవర్ నిలబడ్డాక దాన్ని కదిపేవాళ్లుండరు. గొట్టం పూడ్చాక తవ్వేవాళ్లుండరు. లైను రాకముందు పొలం ఎలా ఉందో చెప్పే కాగితం ఒక్కటే ఆ తర్వాత రైతు తరఫున మాట్లాడుతుంది. ఆ కాగితం పుట్టాల్సింది గునపం దిగకముందే.